సీపీఎస్ఎస్‌లో (పైలట్ ఎంపిక కంప్యూటర్ పరీక్షలో) పోయింది, మళ్ళీ రాయడానికి దారి ఉందా?

నింగిచుక్క
సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పండి. వైమానిక దళం రాతపరీక్ష ఏఎఫ్‌క్యాట్ గట్టెక్కి మైసూరులో ఏఎఫ్‌ఎస్‌బీ ఎంపిక బోర్డుకు వెళ్తే మొదటిసారి తొలిరోజే ఇంటికి పంపేశారు. మళ్ళీ ఏఎఫ్‌క్యాట్ రాశాను, మళ్ళీ మైసూరు వెళ్ళాను. ఈసారి చివరి రోజు వరకూ నిలిచి ఫ్లయింగ్ బ్రాంచికి సిఫారసు తెచ్చుకున్నాను. ఇక మిగిలింది సీపీఎస్ఎస్ ఒక్కటే కదా అనుకున్నాను. అదే ముంచింది.

ఎదురుగా స్క్రీను మీద కదిలే చుక్క, దాన్ని గడిలో నిలపడానికి చేతిలో స్టిక్కు, కాళ్ళ కింద పెడల్స్. స్టిక్కు ఒక్కటే ఉన్నంతసేపు బాగానే చేశాను. కాళ్ళు కూడా కలిశాక కాస్త తడబడ్డాను. ఆపైన మధ్యలో వచ్చే సంకేతాలకు కూడా స్పందించమన్నారు. అక్కడ పూర్తిగా చేతులెత్తేశాను. సంకేతం మీద చూపు పెడితే చుక్క గడి దాటిపోతుంది, చుక్కను లోపలికి లాక్కొచ్చేసరికి సంకేతం అలాగే మిగిలిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నగరంలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు ఫోను చేసి, ‘ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో వెళ్తే సీపీఎస్ఎస్ మళ్ళీ రాయవచ్చు, దానికి ప్రత్యేక బ్యాచి ఉంది’ అంటున్నారు. ఫీజు 35 వేలు. నాకు ఎయిర్ వింగ్ సీ సర్టిఫికెట్ ఉంది. వయసు కూడా ఉంది. వాళ్ళ మాట నమ్మవచ్చా?

పుల్కా_పప్పు
35 వేలకు ఏకంగా విమానమే నడపనిస్తారేమో కనుక్కోండి.

సైనిక్‌పురి_మామ
నమ్మవద్దు. ఫ్లయింగ్ బ్రాంచికి సంబంధించి ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారే. ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ ద్వారా వెళ్ళినా, డిగ్రీ తర్వాత ఏఎఫ్‌క్యాట్ ద్వారా వెళ్ళినా, ఎన్‌సీసీ ద్వారా వెళ్ళినా ఒక్కసారే. వైమానిక దళం ప్రకటనలోనే ఉంటుంది: గతంలో సీపీఎస్ఎస్‌లో గానీ దానికి ముందున్న పాత పరీక్ష పీఏబీటీలో గానీ తప్పినవారు, అకాడమీలో ఫ్లయింగ్ శిక్షణ నుంచి తొలగించినవారు ఫ్లయింగ్ బ్రాంచికి అర్హులు కారు. ఆ వాక్యం ఎంట్రీని బట్టి మారదు. డబ్బు జేబులోనే ఉంచుకో తల్లీ.

అమీర్‌పేట_అరుణ్
మామగారూ, రాతలో అలాగే ఉంటుంది. మా హాస్టల్లో ఒకతను ఎన్‌డీఏ వయసులో పోయినవాడు, తర్వాత దరఖాస్తులో ఆ సంగతి రాయకుండా వెళ్ళాడని విన్నాను. పాత బోర్డుకీ కొత్త బోర్డుకీ మధ్య ఎవరు చూసొచ్చారు? మైసూరులో పోతే దెహ్రాదూన్ వెళ్ళవచ్చు కదా.

సైనిక్‌పురి_మామ
అరుణ్ బాబూ, నువ్వు విన్నావు, అతను చేరాడా? అది కూడా చెప్పు.

అమీర్‌పేట_అరుణ్
అది తెలియదు.

గండిమైసమ్మ_చౌరస్తా
విన్నవాళ్ళు వంద మంది, చేరినవాళ్ళు ఎవరూ కనపడరు. ఈ చర్చల్లో ఎప్పుడూ ఇంతే.

సైనిక్‌పురి_మామ
కాస్త వివరంగా చెబుతాను, ఎవరూ ఈ ఉచ్చులో పడకుండా. ఫలితం నీ పేరు మీద నమోదై ఉంటుంది. బోర్డు మారినంత మాత్రాన అది చెరిగిపోదు. దరఖాస్తులో గతంలో ఈ పరీక్షకు వెళ్ళావా అని అడుగుతారు, కింద నువ్వు సంతకం చేస్తావు. లేదని రాసి దొరికితే పోయేది ఫ్లయింగ్ ఒక్కటే కాదు, మొత్తం అభ్యర్థిత్వమే. శిక్షణలో ఉండగా బయటపడితే ఇంకా అధ్వాన్నం. పైలట్ కావలసిన మనిషి మొదటి కాగితం మీదే అబద్ధం రాస్తే, రేపు విమానం దిగాక లోపలేం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెబుతాడని ఎలా నమ్మాలి? ఈ ఒక్క విషయంలో నాతో వాదించవద్దు. మిగతావాటిలో ఎంతైనా వాదించుకుందాం.

లెక్కల_మాస్టారు
మామగారి మాటకు ఓటు. ఇక్కడ చాలామంది మూడు పరీక్షలను కలిపేసుకుంటున్నారు, విడదీద్దాం. ఏఎఫ్‌క్యాట్ ఏటా రెండుసార్లు వస్తుంది, వయసు ఉన్నంతకాలం ఎన్నిసార్లైనా రాయవచ్చు. ఏఎఫ్‌ఎస్‌బీ కూడా అంతే, అర్హత వచ్చిన ప్రతిసారీ వెళ్ళవచ్చు. కాకపోతే ఒకే ఎంట్రీకి ప్రయాణ ఖర్చు మొదటిసారే తిరిగి ఇస్తారు. తలుపు మూసుకుపోయేది సీపీఎస్ఎస్ దగ్గర మాత్రమే. ఫ్లయింగ్‌కు 20 నుంచి 24 ఏళ్ళు, గ్రౌండ్ డ్యూటీకి (నేల మీది విధులకు) 20 నుంచి 26. కోర్సు మొదలయ్యే తేదీ నాటికి ఉండవలసిన వయసు ఇది, దరఖాస్తు రోజుకు కాదు.

సీపీఎల్_శ్రీను
చిన్న చేర్పు. చెల్లుబాటులో ఉన్న కమర్షియల్ పైలట్ లైసెన్స్ ఉంటే ఫ్లయింగ్‌కు 26 దాకా సడలింపు ఉంది. దీన్ని పట్టుకుని ‘లైసెన్స్ ఉంటే సీపీఎస్ఎస్ అక్కర్లేదు’ అని కొందరు ప్రచారం చేస్తున్నారు. సడలింపు వయసుకే. 200 గంటలు నడిపినవాడైనా ఆ గదిలో కూర్చోవలసిందే, అక్కడ తప్పితే తప్పినట్టే.

పుల్కా_పప్పు
ఎవరైనా నాకు ఇంగువ డబ్బా మూత ఎలా తీయాలో ఇన్ని వివరాలతో చెప్పి ఉంటే బాగుపడేవాణ్ణి.

నింగిచుక్క
అందరికీ ధన్యవాదాలు. ఫీజు కట్టను. కానీ కోపం మాత్రం తగ్గడం లేదు. ఏఎఫ్‌ఎస్‌బీలో అన్ని రోజులు పరీక్షించి నేను పనికొస్తానని చెప్పింది వాళ్ళే. కొద్దిసేపు ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి ఇక ఎప్పటికీ పనికిరావని చెప్పిందీ వాళ్ళే. ఆ రోజు ఒంట్లో బాగాలేకపోతే? రాత్రి నిద్ర పట్టకపోతే? ఇంకొక్క అవకాశం ఇస్తే వాళ్ళ సొమ్మేం పోతుంది?

డల్లాస్_సుమతి
నాకూ అదే సందేహం. మేము సైదాబాద్ వాళ్ళం, ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, అమెరికా నేవీలో పైలట్ అవుతానని కూర్చున్నాడు. వాళ్ళ ఎంపిక పరీక్ష పేరు ఏఎస్‌టీబీ. జీవితంలో మూడుసార్లు రాయనిస్తారు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య 30 రోజులు, రెండోదానికీ మూడోదానికీ మధ్య 90 రోజులు ఆగాలి. మావాడు మొదటిసారి రాసి వచ్చాడు, మార్కులు వాడు అనుకున్నంత రాలేదు. ఇప్పుడు రెండోదానికి చదువుతున్నాడు. అక్కడా స్టిక్కు, థ్రాటిల్ ఉన్న భాగం ఉంది. ఒక చెవిలో ఒకటి, రెండో చెవిలో ఇంకొకటి వినిపిస్తుంటే చెప్పిన చెవి మాటనే పట్టించుకోవాలట. మన దగ్గర ఒక్కసారే ఎందుకు?

అమీర్‌పేట_అరుణ్
చూశారా! అమెరికావాళ్ళే మూడుసార్లు ఇస్తుంటే మనకేమిటి ఇంత పట్టుదల?

లెక్కల_మాస్టారు
అరుణ్, మూడుసార్లు అంటే మూడుసార్లు ఉచితంగా అని కాదు. సుమతిగారి అబ్బాయిని అడగండి, చివరగా రాసిందే లెక్కలోకి వస్తుంది. రెండోసారి తగ్గితే మొదటిది అక్కరకు రాదు. అదీ ఒక రకం కత్తే.

డల్లాస్_సుమతి
నిజమే మాస్టారూ. అందుకే మావారు, ‘ఉన్న మార్కులు చాలు, కదిలించవద్దు’ అంటున్నారు. వాడు వినడు.

సైనిక్‌పురి_మామ
నింగిచుక్కా, నీ కోపం న్యాయమైనదే. కానీ ఆ గదిలో చూసేది నువ్వు ఎంత కష్టపడ్డావన్నది కాదు. కొత్త పని ఒకటి చేతికిచ్చి, చేయి, కాలు, కన్ను, చెవి అన్నింటికీ ఒకేసారి పని చెబితే మనిషి ఎంత త్వరగా సర్దుకుంటాడన్నది చూస్తారు. అదే పనిని రెండోసారి ఇస్తే అది కొత్త పని కాదు. నేర్చుకున్నది ఎంతో, సహజంగా ఉన్నది ఎంతో విడదీయడం కష్టం. దుండిగల్ అకాడమీలో పిలాటస్ శిక్షణ విమానం ఎక్కాక ప్రతి పాఠానికీ ఇన్ని సార్టీలని (ఇన్నిసార్లు ఎగరాలని) లెక్క ఉంటుంది. అందులో నేర్చుకోలేనివాణ్ణి నెలలు గడిచాక తీసేయడం వాడికీ బాధ, దళానికీ ఖర్చు. ముందే వడపోయడం మేలనుకుంటారు.

గండిమైసమ్మ_చౌరస్తా
వడపోత సంగతి సరే మామా, వడపోతలో తప్పు ఉండదా? యంత్రం కూడా పొరపడవచ్చు కదా. ఈ పరీక్షలో బొటాబొటిగా దాటి అకాడమీలో ఆగిపోయినవాళ్ళు ఉన్నారు. అంటే దాటినవాళ్ళందరూ పైలట్లు కారు. అలాంటప్పుడు దాటనివాళ్ళలో కొందరైనా అయి ఉండేవారేమో.

సైనిక్‌పురి_మామ
అయి ఉండేవారు. కాదనను.

లెక్కల_మాస్టారు
మామగారు ఇంత త్వరగా ఒప్పుకుంటారనుకోలేదు. నేనైతే మధ్యేమార్గం చెబుతాను. ఏడాది విరామంతో ఇంకొక్కసారి ఇవ్వాలి, మొదటి ఫలితాన్ని పక్కన పెట్టుకుని చూడాలి. అభ్యాసం వల్ల ఎంత పెరుగుతుందో అమెరికావాళ్ళకు తెలుసు, మనవాళ్ళకు తెలియదా? నియమం అలా ఉంది కాబట్టి పాటిద్దాం, కానీ నియమాన్ని ప్రశ్నించకూడదని ఎక్కడుంది?

సీపీఎల్_శ్రీను
మాస్టారూ, మీరు రక్షణ మంత్రికి ఉత్తరం రాయండి. మేము కింద సంతకాలు చేస్తాం.

పుల్కా_పప్పు
నేనూ చేస్తాను. కాలితో చేయమన్నా చేస్తాను, సమన్వయం బాగుందని తెలుస్తుంది.

కూకట్‌పల్లి_కిరణ్మయి
ఇన్నాళ్ళూ చదువుతూ మౌనంగా ఉన్నాను. నా సంగతి వేరే రకం, అందుకే చెబుతున్నాను. మా తమ్ముడు ఎన్‌డీఏ అప్పుడు సీపీఎస్ఎస్ పాసయ్యాడు, కానీ తుది జాబితాలో పేరు రాలేదు. డిగ్రీ తర్వాత ఏఎఫ్‌క్యాట్ ద్వారా మళ్ళీ వెళ్తే సీపీఎస్ఎస్ మళ్ళీ రాయనక్కరలేదన్నారు, పాత ఫలితమే చెల్లింది. తప్పితే జీవితాంతం తప్పినట్టు, దాటితే జీవితాంతం దాటినట్టు. ఒకవైపే చూసి తిడుతున్నారు కాబట్టి ఈ సంగతీ తెలియాలి.

నింగిచుక్క
అక్కా, మీ తమ్ముడు ముందుగా ఏమైనా సాధన చేశాడా? లేక పుట్టుకతోనే వచ్చేసిందా?

కూకట్‌పల్లి_కిరణ్మయి
కంప్యూటర్లో విమానం ఆట ఆడేవాడు. అమ్మ రోజూ తిట్టేది. పాసయ్యాక అమ్మే వాడికి కొత్త జాయ్‌స్టిక్ కొంది.

అమీర్‌పేట_అరుణ్
అదీ సంగతి! ఆటలు ఆడితే చాలు. కోచింగులు ఎందుకు?

సైనిక్‌పురి_మామ
ఆటతో చేయి కొంత వదులవుతుంది, కాదనను. కానీ రెండు చిక్కులు. ఒకటి, ఆటలో తప్పు చేస్తే మళ్ళీ మొదలుపెట్టవచ్చన్న ధీమాతో స్టిక్కును ఇష్టం వచ్చినట్టు గుంజడం అలవాటవుతుంది. పరీక్షలో గుంజితే చుక్క అటు చివరికి, దిద్దబోతే ఇటు చివరికి పోతుంది. కదలిక చిన్నదిగా ఉండాలి, దిద్దుబాటు ముందే మొదలవాలి. రెండోది, ఇంట్లో చాలామందికి పెడల్స్ ఉండవు. మా పీఏబీటీ రోజుల్లో ఎస్‌ఎంఏ అని ఒక యంత్రం ఉండేది. చుక్కను పైకీ కిందికీ కదపడం స్టిక్కుతో, పక్కలకు కదపడం కాళ్ళతో. చేతి సంగతి అందరూ చూసుకునేవారు. మనుషులు దొరికిపోయేది కాళ్ళ దగ్గర.

గండిమైసమ్మ_చౌరస్తా
పీఏబీటీ సంగతులు ఇంకొంచెం చెప్పండి మామా. మా పిల్లవాడు ఇంటర్‌లో ఉన్నాడు. పొద్దున లేస్తే మేడ మీదకెక్కి శిక్షణ విమానాలు లెక్కపెడతాడు. చదువు కన్నా అదే ఎక్కువ.

సైనిక్‌పురి_మామ
మూడు భాగాలు ఉండేవి. మీటర్లు చదివే ఐఎన్‌ఎస్‌బీ, ఇందాక చెప్పిన ఎస్‌ఎంఏ, తిరిగే డ్రమ్ము మీద చుక్కల బాటను సూదితో వెంబడించే సీవీటీ. తర్వాత వాటి స్థానంలో సీపీఎస్ఎస్ వచ్చింది. డీఆర్‌డీఓలోని మానసిక పరిశోధన సంస్థ డీఐపీఆర్, బెంగళూరులోని ఏడీఈ కలిసి తయారుచేశాయి. యంత్రం మారినా, కొలిచే గుణాలు చాలావరకు అవే.

మీటర్ల సంగతి ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. దానికి కోచింగ్ అక్కరలేదు. పిల్లలు ఎక్కువగా బోల్తాపడేది రెండింటి దగ్గర.

ఎత్తు చూపే మీటరు: పొట్టి ముల్లు వేలు, పొడవు ముల్లు వందలు. పొట్టి ముల్లు 4కూ 5కూ మధ్యలో, పొడవు ముల్లు 5 మీద ఉంటే 4,500 అడుగులు. తొందరలో పొట్టి ముల్లు 5కు దగ్గరగా కనిపించగానే 5 వేలు అనేస్తారు. పొట్టి ముల్లు దాటి వచ్చిన అంకెను తీసుకోవాలి, చేరబోయే అంకెను కాదు.

కృత్రిమ క్షితిజం: మీటరు మధ్యలో బొమ్మ విమానం ఉంటుంది, అది కదలదు. దాని వెనక గీత కదులుతుంది. గీత కుడి కొస కిందికి వాలి ఉంటే విమానం ఏ వైపు ఒరిగినట్టు? కొత్తవాళ్ళు కుడి అంటారు. కాదు, ఎడమకు. నమ్మకపోతే ఇప్పుడే తలను ఎడమ భుజం వైపు వంచి గోడ మీది ట్యూబ్‌లైటును చూడండి. దాని కుడి కొస కిందికి దిగినట్టు కనిపిస్తుంది. ట్యూబ్‌లైటు ఎక్కడికీ పోలేదు, ఒరిగింది మీరు. ఇది ఒక్కసారి ఒంటికి పడితే ఇక మరచిపోరు. బట్టీపట్టినవాళ్ళు గడియారం ఒత్తిడిలో తారుమారు చేస్తారు.

పుల్కా_పప్పు
ఆఫీసులో తల వంచి ట్యూబ్‌లైటు చూశాను. పక్క సీటాయన మెడ పట్టేసిందనుకుని నొప్పి మందు ఇచ్చాడు.

సీపీఎల్_శ్రీను
మామగారూ, మాకు బేగంపేటలో గ్రౌండ్ క్లాసుల్లో రెండు రోజులు తిప్పి తిప్పి చెప్పింది మీరు ట్యూబ్‌లైటుతో తేల్చేశారు.

లెక్కల_మాస్టారు
అసలు ఏఎఫ్‌క్యాటే దాటనివాళ్ళు కూడా ఈ చర్చ చదువుతూ ఉంటారు, వాళ్ళకు ఒక లెక్క. 100 ప్రశ్నలు, 300 మార్కులు, 2 గంటలు. సరైతే 3, తప్పైతే 1 పోతుంది. నాలుగు జవాబుల్లో కళ్ళు మూసుకుని ఒకటి పెట్టారనుకోండి. నాలుగిట్లో ఒకసారి 3 వస్తుంది, మూడుసార్లు ఒక్కొక్కటి పోతుంది. సగటున లాభం సున్నా, నష్టమూ సున్నా. అదే ఒక్క జవాబును తప్పని కొట్టేయగలిగితే మిగిలిన మూడింట్లో గుడ్డిగా పెట్టినా సగటున ప్రశ్నకు మూడో వంతు మార్కు వస్తుంది. కాబట్టి ‘తెలియనిది ముట్టుకోవద్దు’ అన్న సలహా సగమే నిజం. ఏమీ తెలియనిది వదిలేయండి, కాస్త తెలిసినది వదలకండి.

కోచింగ్ సెంటర్లు ఈ ఒక్క ముక్కను బోర్డు మీద రాయడానికి మూడు నెలలు తీసుకుంటాయి.

అమీర్‌పేట_అరుణ్
మాస్టారూ, ఇది నిజంగా పనికొచ్చే మాట. నేను పోయినసారి చాలా ప్రశ్నలు వదిలేసి వచ్చాను.

నల్లకుంట_నారాయణ
కలాం గారి ఉదాహరణ ఎవరూ చెప్పలేదేమిటి? ఆయన కూడా పైలట్ కావాలని దెహ్రాదూన్ వెళ్ళి ఎంపిక కాలేదు. ఎనిమిది ఖాళీలుంటే తొమ్మిదో స్థానం వచ్చింది. తర్వాత రాష్ట్రపతి కాలేదా? బాధపడకు అమ్మాయీ.

నింగిచుక్క
నారాయణగారూ, క్షమించండి. ఇంటికి వచ్చిన ప్రతి బంధువూ కలాం గారినే వెంట తీసుకొస్తున్నాడు. నాకు రాష్ట్రపతి పదవి వద్దు. విమానం నడపాలి.

పుల్కా_పప్పు
ఈ చర్చ మొత్తంలో నాకు నచ్చిన మాట ఇది.

సైనిక్‌పురి_మామ
కలాం గారి పేరు వచ్చింది కాబట్టి ఒక తమాషా. సీపీఎస్ఎస్ ఆలోచన మొదట ఆయనదే, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నప్పటిది. పైలట్‌గా ఎంపిక కాలేకపోయిన మనిషే పైలట్లను ఎంపిక చేసే యంత్రానికి అంకురం వేశాడు. దీన్ని ఓదార్పుగా తీసుకుంటావో, వేళాకోళంగా తీసుకుంటావో నీ ఇష్టం తల్లీ.

నింగిచుక్క
రెండూనూ.

రాజాలి_కల
నేను నేవీ వైపు తిరిగినదాన్ని, అందుకే వచ్చాను. నింగిచుక్కా, నీలాగే నాకూ పైలట్ పరీక్ష దగ్గర ఆగిపోయింది. నేవీ పైలట్ ఎంట్రీకి కూడా ఇదే అడ్డం, ఒకసారి తప్పితే అక్కడా రానివ్వరు. కానీ నేవల్ ఎయిర్ ఆపరేషన్స్ అని ఇంకో ఎంట్రీ ఉంది, దానిలో అబ్జర్వర్లను తీసుకుంటారు. దానికి ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష ఉంటాయి, ఈ స్టిక్కు పరీక్ష లేదు. పైలట్ పక్కనో వెనకనో కూర్చుని రాడార్లు, సెన్సార్లు, ఆయుధాలు చూసుకునే పని. అరక్కోణం దగ్గర నేవీ వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ రాజాలిలో పీ-8ఐ విమానాలున్నాయి, జలాంతర్గాములను వెతికేవి. 2020 సెప్టెంబరులో కొచ్చిలో ఇద్దరు మహిళా అధికారులను, సబ్ లెఫ్టినెంట్లు కుముదిని త్యాగి, రీతి సింగ్‌లను, యుద్ధనౌకల మీది హెలికాప్టర్లలో పనిచేసే అబ్జర్వర్లుగా తీసుకున్నారు. ఎగరాలన్నదే కోరికైతే ఇది చూడు.

అమీర్‌పేట_అరుణ్
పైలట్ కాకపోతే వెనక సీటులో కూర్చోవడం ఓదార్పు బహుమతి లాంటిది కదా అక్కా?

రాజాలి_కల
సముద్రం మీద రాత్రి నాలుగు గంటలు నీళ్ళ కింద ఉన్నదేమిటో చెప్పవలసింది ఆ వెనక సీటే. పైలట్ నీళ్ళలోకి చూడడు. బహుమతి అనుకుంటే నువ్వు రావద్దు, ఒక సీటు మిగులుతుంది.

గండిమైసమ్మ_చౌరస్తా
అరుణ్‌కు ఈరోజు గ్రహాలు బాగాలేవు.

నింగిచుక్క
రాజాలి అక్కా, చాలా ఉపయోగపడింది. నేను ఏఎఫ్‌క్యాట్ దరఖాస్తులో గ్రౌండ్ డ్యూటీ కూడా పెట్టాను. దానికీ సిఫారసు వచ్చింది. వైద్య పరీక్ష ఇంకా ఉంది. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు, నాకే మనసు రావడం లేదు. పైలట్ అవుతానని చెప్పి వెళ్ళి ఆఫీసులో ఫైళ్ళు చూడటం ఏమిటి అనిపిస్తోంది.

సైనిక్‌పురి_మామ
ఫైళ్ళు అందరూ చూస్తారు, పైలట్లు ఇంకా ఎక్కువ చూస్తారు. నీది బీఎస్సీ అనుకుంటాను. అడ్మినిస్ట్రేషన్ శాఖలోనే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, ఫైటర్ కంట్రోల్ ఉన్నాయి. ఫైటర్ కంట్రోలర్ అంటే రాడార్ ముందు కూర్చుని, ఆకాశంలో ఉన్న మనవాడికి శత్రువు ఎక్కడున్నాడో, ఎటు తిరగాలో చెప్పే మనిషి. ఆ గొంతు మాట విని నేను ఎన్నోసార్లు తిరిగాను. ఒకసారి వాతావరణం పాడై ఇంధనం తగ్గుతుంటే, పక్క బేసుకు దారి చూపించిన కంట్రోలర్ గొంతులో ఒక్క అక్షరం వణకలేదు. దిగాక వెతుక్కుంటూ వెళ్ళి టీ ఇప్పించాను. చూస్తే నా కన్నా నాలుగేళ్ళు చిన్నది.

లెక్కల_మాస్టారు
అయినా మామగారూ, అది వేరే ఉద్యోగం. ఆ అమ్మాయికి ఇష్టం లేకపోతే ‘ఇదీ గొప్పదే’ అని మనం తోయకూడదు. గ్రౌండ్ డ్యూటీ షార్ట్ సర్వీస్ 10 ఏళ్ళు, ఇంకో 4 పొడిగించవచ్చు. ఇష్టం లేని చోట పదేళ్ళు చిన్న సంగతి కాదు.

కూకట్‌పల్లి_కిరణ్మయి
మాస్టారితో ఏకీభవించలేను. వైద్య పరీక్షకు వెళ్ళిరావడానికి ఇష్టం అక్కరలేదు. జాబితాలో పేరు వచ్చాక కూడా ఆలోచించుకోవచ్చు. ఇప్పుడే వద్దంటే ఆలోచించడానికి కూడా ఏమీ మిగలదు.

సీపీఎల్_శ్రీను
పౌర విమానయానం సంగతి కూడా చెప్పాలి కదా. బేగంపేటలోనే శిక్షణ సంస్థలున్నాయి. వైమానిక దళం సీపీఎస్ఎస్‌లో తప్పడానికీ కమర్షియల్ లైసెన్సుకూ సంబంధం లేదు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రాతపరీక్షలు, మొదటి తరగతి వైద్య ధ్రువపత్రం, 200 గంటల ఫ్లయింగ్. డబ్బు మాత్రం లక్షల్లో, చాలా లక్షల్లో. నేను మా నాన్న పొలం వైపు చూడటానికి సిగ్గుపడుతున్నాను. ఇంకో మాట, కొన్ని విమాన సంస్థల క్యాడెట్ పథకాల్లోనూ ఇలాంటి కంప్యూటర్ పరీక్ష పెడతారు. తప్పించుకున్నామనుకుంటే అక్కడా ఎదురొస్తుంది. కాకపోతే అక్కడ తప్పినా దేశంలో మిగతా తలుపులన్నీ మూసుకుపోవు.

నింగిచుక్క
అన్ని లక్షలు మా ఇంట్లో లేవు శ్రీనుగారూ, ఆ దారి నాది కాదు. కిరణ్మయి అక్క చెప్పినట్టు వైద్య పరీక్షకు వెళ్తాను. నేవీ ప్రకటన రాగానే అబ్జర్వర్‌కూ పెడతాను. ఏది ముందు వస్తే అది చూసుకుంటాను. కోచింగ్ వాళ్ళు నిన్న మళ్ళీ ఫోను చేశారు, ఫీజు 20 వేలకు తగ్గిస్తామన్నారు. ప్రకటనలోని ఆ వాక్యం చదివి వినిపించాను. ‘మేడం, మీకు ఆత్మవిశ్వాసం లేదు’ అని ఫోను పెట్టేశారు.

పుల్కా_పప్పు
ఇంకో రెండు రోజులు ఆగితే వాళ్ళే ఎదురు ఇస్తారు.

మోడరేటర్
ఆ కోచింగ్ సెంటర్ పేరు అడుగుతూ నాకు సందేశాలు వస్తున్నాయి. ఇక్కడ పేర్లు వద్దు. ప్రకటన చదవండి, మీకే తెలుస్తుంది. అరుణ్, దరఖాస్తులో దాచిపెట్టమన్న మీ సలహాను తొలగించడం లేదు, దాని కింద వచ్చిన జవాబులు అందరూ చదవాలి కాబట్టి.

అమీర్‌పేట_అరుణ్
ఉండనివ్వండి. ఒక్కటి చెప్పండి, నా తొడ పొడవు ఎక్కువని మా పీఈటీ సార్ భయపెడుతున్నారు. ఫ్లయింగ్‌కు ఎంత ఉండాలి?

సైనిక్‌పురి_మామ
ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు. కాలి పొడవు 99 నుంచి 120. తొడ పొడవు 64 దాటకూడదు. కూర్చున్నప్పుడు ఎత్తు 81.5 నుంచి 96. గోడకు నడుము ఆనించి నేల మీద కాళ్ళు చాపి కూర్చో, గోడ నుంచి మోకాలి చిప్ప దాకా కొలిపించు. అంచనాకు అది చాలు. దర్జీ టేపు సాగిపోయి ఉంటుంది, స్టీలు టేపు వాడు.

డల్లాస్_సుమతి
మామగారూ, మావాడిది ఒక సందేహం. ఏఎస్‌టీబీలో డ్రోను భాగం ఉందట. పటం మీద బాణం డ్రోను ఎటు వెళ్తోందో చూపిస్తుంది. పక్కన కెమెరాలో ఒక భవనం, దాని చుట్టూ నాలుగు పార్కింగ్ స్థలాలు. ‘తూర్పు పార్కింగ్’ అనగానే దాన్ని నొక్కాలి. డ్రోను ఉత్తరానికి వెళ్తుంటే బాగానే చేస్తున్నాడు, దక్షిణానికి వెళ్తుంటే తప్పుతున్నాడు.

సైనిక్‌పురి_మామ
కెమెరాలో పై అంచు ఎప్పుడూ డ్రోను వెళ్ళే దిక్కే. దక్షిణానికి వెళ్తుంటే పైన దక్షిణం, కింద ఉత్తరం. తూర్పు ఎడమ చేతి వైపు, పడమర కుడి వైపు. పటాన్ని మనసులో తిప్పుతూ కూర్చుంటే గడియారం ఆగదు. వాణ్ణి లేచి నిలబడి దక్షిణానికి ముఖం పెట్టి, ఎడమ చేయి చాచి ‘తూర్పు’ అనమనండి. తర్వాత తూర్పుకు తిరిగి ఎడమ చేతికి ‘ఉత్తరం’ అనాలి. పడమరకు తిరిగితే అదే చేతికి దక్షిణం. నాలుగు దిక్కులూ చేతికి పట్టాకే మళ్ళీ స్క్రీను ముందు కూర్చోవాలి.

డల్లాస్_సుమతి
హాల్లో నిలబడి తిరుగుతున్నాడు. వాళ్ళ నాన్న వాస్తు చూపిస్తున్నాడేమో అనుకుని ఫ్రిజ్ ఏ మూల పెట్టాలో అడుగుతున్నారు.